చూసేవాళ్ళు లేని ఆటలో వైద్యురాలిగా

ఉద్యోగం కోసం బ్రిటన్‌కు వచ్చిన తెలుగువాళ్ళలో చాలామందికి శని, ఆదివారాలు వంటకు, బట్టలకు, గుడికి, తోటి తెలుగు కుటుంబాల ఇళ్ళకు రాకపోకలకు సరిపోతాయి. నాకూ కొన్నేళ్ళు అలాగే సరిపోయాయి. ఆ తరువాత నా సెలవుల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని లార్ప్ అనే ఆటకు ఇవ్వడం మొదలుపెట్టాను, ఇప్పటికీ ఇస్తున్నాను. లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్ అనే పొడవాటి పేరును ఇక్కడ అందరూ లార్ప్ అనే అంటారు. నిర్వాహకులు ఒక కల్పిత లోకాన్ని సిద్ధం చేస్తారు. మనం ఆ లోకంలో ఒక మనిషిని సృష్టించుకొని, ఆ మనిషి బట్టలు కట్టుకొని, ఒక పూట గానీ రెండు మూడు రోజులు గానీ ఆ మనిషిగానే నడుస్తాం, మాట్లాడతాం, తింటాం, అవసరమైతే ఫోమ్‌తో చేసిన కత్తులతో పోరాడతాం. ముందుగా రాసిపెట్టిన సంభాషణలు ఉండవు. కథ ఎటు పోతుందో వచ్చినవాళ్ళు చేసే పనులే నిర్ణయిస్తాయి.

ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మ, "ఈ వయసులో వేషాలేంది నీకు?" అని మొదట కోప్పడింది. కాసేపటికి కుతూహలం గెలిచి, "చూసేదానికి ఎంతమంది వస్తారు?" అని అడిగింది. చూసేవాళ్ళు ఎవరూ రారని, వచ్చినవాళ్ళందరూ వేషం కట్టినవాళ్ళేనని చెప్పాను. అప్పుడామె, "అయితే బకాసురుడి బండి పోయేటప్పుడు మన ఊరోళ్ళంతా ఏకచక్రపురమోళ్ళు అయిపోతారే, అట్టాంటిదా?" అంది. లార్ప్ గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేను ఇక్కడ కూడా వినలేదు. మా చిత్తూరు వైపు ద్రౌపదీదేవి, ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. బకాసుర వధ నాడు మాత్రం భీముడి వేషధారి బండి మీద వీధి వీధీ తిరుగుతుంటే, ఇళ్ళలోంచి అన్నం, పిండివంటలు తెచ్చి బండిలో పెట్టే ఆడవాళ్ళు ప్రేక్షకులుగా ఉండిపోరు, కథలోని ఊరి జనమే అవుతారు. అక్కడ ఆ కొద్దిసేపు జరిగేది ఇక్కడ మూడు రోజుల పాటు జరుగుతుంది.

ఈ ఆట ఒక్కచోట పుట్టింది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మాట్లాడుకునే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. కూర్చున్నచోటి నుంచి లేచి ఆరుబయట ఆడాలన్న కోరిక త్వరలోనే పలుచోట్ల కలిగింది. 1977లో అమెరికాలోని మేరీలాండ్ ప్రాంతంలో డాగోర్‌హిర్ అనే ఆరుబయటి పోరాటపు ఆట మొదలయింది. ఇంగ్లండులో 1982లో చెషైర్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అనే ఆట ప్రారంభమయింది. ఆ కోటలో ఆట ఎక్కువ ఏళ్ళు సాగలేదు గానీ, అక్కడ ఆడిన పద్ధతి విశ్వవిద్యాలయాల సంఘాల ద్వారా బతికింది. డరమ్ విశ్వవిద్యాలయపు సంఘం ఆ పాత పేరునే పెట్టుకొని నేటికీ ఆడుతోంది. నేను చేరిన చిన్న క్లబ్బు కూడా అటువంటి ఒక విద్యార్థి సంఘం నుంచి బయటికి వచ్చినవాళ్ళు పెట్టుకున్నదే.

ఆ క్లబ్బుకు నన్ను తీసుకువెళ్ళినది మా ఆఫీసులో పక్క టీములో పనిచేసే ఒకామె. "నువ్వు ముందే ఖర్చు పెట్టకు, మొదట రాక్షసుల వైపు వచ్చి చూడు" అని ఆమె ఇచ్చిన సలహా నాకు చాలా మేలు చేసింది. ఇక్కడి క్లబ్బుల్లో లీనియర్ అనే చిన్న ఆట ఉంటుంది. కొంతమంది సాహసికుల బృందంగా అడవిలో ఒక దారి వెంట నడుస్తారు. మిగిలినవాళ్ళు దారిలో వాళ్ళకు ఎదురయ్యే దొంగలుగా, పిశాచాలుగా, పల్లెవాసులుగా నటిస్తారు. ఒక ఘట్టం ముగియగానే ఈ రెండో జట్టు చెట్ల వెనుక నుంచి పరుగున ముందుకు పోయి, పైబట్ట మార్చుకొని, మరొక రూపంలో మళ్ళీ ఎదురవుతుంది. ఈ జట్టులో చేరడానికి సొంత బట్టలు, ఆయుధాలు అక్కరలేదు. పాతబడినా పట్టు చెడని బూట్లు, తడిసినా బాధలేని ప్యాంటు ఉంటే చాలు. ఆ రోజు ఉదయం నేను దారిదోపిడీ దొంగగా వచ్చి ఓడిపోయాను. మధ్యాహ్నం నాకు ఇచ్చిన పాత్ర, కొడుకు తప్పిపోయిన ఒక తల్లి. నిర్వాహకుడు చెప్పింది రెండే వాక్యాలు: పిల్లవాడు వాగు వైపు వెళ్ళాడు, నిన్నటి నుంచి తిరిగి రాలేదు.

నేను దారి పక్కన కూర్చుని ఉండగా బృందం వచ్చింది. వాళ్ళలో ఒక కుర్రవాడు, బురదలో మోకాలు ఆన్చి నా ముందు కూర్చుని, "పిల్లవాడి పేరేమిటమ్మా?" అని అడిగాడు. నాకు చెప్పిన రెండు వాక్యాల్లో పేరు లేదు. ఆలోచించే వ్యవధి కూడా లేకపోవడంతో నోటికి వచ్చిన మొదటి పేరు, సీను, అని చెప్పాను. ఆ తరువాత దాదాపు గంటసేపు ఇంగ్లండులోని ఆ ఓక్ చెట్ల అడవిలో తోలు కవచాలు, డాళ్ళు ధరించిన మనుషులు "సీనూ, సీనూ" అని కేకలు వేసుకుంటూ వాగు వెంట వెదికారు. నేను చెప్పిన ఒక్క పేరు పట్టుకొని వాళ్ళు ఆ పిల్లవాడిని నిజం చేశారు. ఎవరు ఏ మాట అన్నా దాన్ని తోసివేయకుండా అందుకొని మరొక అడుగు ముందుకు వేయడమే ఈ ఆటకు ప్రాణమని నాకు ఆనాడే అర్థమయింది. మంచి నటన అంటే గొంతు, ఏడుపు, ఆవేశం అనుకునే మనకు ఇది కొంచెం కొత్తగా ఉంటుంది. ఇక్కడ మంచి ఆటగాడు అనిపించుకునేది ఎదుటివాడికి ఆడటానికి ఏదో ఒకటి ఇచ్చేవాడే.

చిన్న క్లబ్బులో కొంతకాలం గడిచాక పెద్ద ఆటకు సిద్ధమయ్యాను. ప్రొఫౌండ్ డెసిషన్స్ అనే సంస్థ 2013 నుంచి ఎంపైర్ అనే పెద్ద లార్ప్‌ను నడుపుతోంది. ఏడాదికి నాలుగు సమావేశాలు జరుగుతాయి. శుక్రవారం సాయంత్రం మొదలయి ఆదివారం మధ్యాహ్నం దాకా సాగుతాయి. పది జాతులు కలిసిన ఒక సామ్రాజ్యం, దాని చుట్టూ శత్రువులైన ఓర్క్ అనే రాక్షసుల వంటి జనాల రాజ్యాలు, అన్విల్ అనే చోట ఋతువుకు ఒకసారి కలుసుకొని సామ్రాజ్యాన్ని నడిపే వీరులు, ఇదీ స్థూలంగా కథ. ఆ వీరులు మనమే. వేలమంది వస్తారు. ఏ జాతిలో చేరాలన్నది మొదటి ప్రశ్న. ఒక్కొక్క జాతికి తనదైన వేషధారణ, మాటతీరు, నమ్మకాలు ఉన్నాయి. నేను ఎక్కువ ఆలోచించకుండానే నవార్ అనే జాతిని ఎంచుకున్నాను. పూర్వం ఉన్న తమ మహానగరాలను వాలోర్న్ అనే విషవనం మింగివేయగా, ఆ విషం శక్తిని తగ్గించడానికి ట్రాడ్ అనే మంత్రమార్గాల మీద తరతరాలుగా నడుస్తూ ఉండే జనం వాళ్ళు. ఊరు విడిచి వచ్చినవాళ్ళకు ఈ కథలో ఏం దొరుకుతుందో వివరించనవసరం లేదు. పైగా, ఈ సామ్రాజ్యంలో ఆడ మగ తేడా వల్ల ఏ పదవికీ అడ్డు లేదు. అది లోకాన్ని రాసినవాళ్ళు ముందే పెట్టిన నియమం.

కొత్త పాత్రకు ఎనిమిది అనుభవ పాయింట్లు ఇస్తారు. వాటితో నైపుణ్యాలు కొనుక్కోవాలి. కత్తి, డాలు, విల్లు, మంత్రం, పౌరోహిత్యం, వైద్యం వంటివి ఎన్నో ఉన్నాయి. నేను వైద్యం తీసుకున్నాను. దానితోపాటు ఆదాయ వనరుగా ఒక మూలికల తోటను ఎంచుకున్నాను. ఋతువుకు ఒకసారి ఆ తోట నుంచి ట్రూ వర్వైన్, మారోవర్ట్, ఇంపీరియల్ రోజ్‌వీల్డ్ వంటి పేర్లున్న మూలికలు చేతికి వస్తాయి. గాయం రకాన్ని బట్టి మూలిక మారుతుంది కనుక ఏది దేనికో కంఠతా రావాలి. మిగిలిన మూలికలు అమ్ముకోవచ్చు, లేదా ఎవరికైనా ఇచ్చి వాళ్ళ స్నేహం సంపాదించుకోవచ్చు. అన్విల్‌లో డబ్బు కూడా నిజంగా చేతులు మారే లోహపు నాణేలే. ఇరవై రింగులు ఒక క్రౌన్, ఎనిమిది క్రౌన్లు ఒక థ్రోన్. పాత్ర గతం రాయడానికి మాత్రం నేను అందరికీ ఒకే సలహా ఇస్తాను. పేజీలకు పేజీలు రాయకండి. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిని పోగొట్టుకుంది, ఇప్పుడు ఏమి కోరుకుంటోంది, ఈ మూడూ తెలిస్తే చాలు. మిగిలింది మైదానంలో ఎవరో అడిగినప్పుడు పుడుతుంది.

ఇక బట్టలు. దీని మీద నేను పెట్టినంత శ్రద్ధ పెళ్ళి బట్టల మీద కూడా పెట్టలేదు. జీన్సు, ట్రైనర్ బూట్లు, చేతి గడియారం, జిప్పు కనబడే కోటు పనికిరావు. ఎదుటివాళ్ళ కళ్ళ ముందున్న లోకాన్ని అవి ఒక్క క్షణంలో చెరిపివేస్తాయి. నవార్‌లు ఎక్కువగా ఆకుపచ్చ, గోధుమ రంగులు ధరిస్తారు. ఒంటి మీద పచ్చబొట్లు ఉంటాయి. ఊరి నుంచి తెప్పించుకున్న ముతక చేనేత బట్టను ఇక్కడ ముదురు ఆకుపచ్చ రంగులో ముంచి, మోకాళ్ళ దాకా వచ్చే అంగీ కుట్టించాను. మిషను నేతకు ఉండని ఆ చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు దగ్గర నుంచి చూసినవాళ్ళకు ఎంత నచ్చాయంటే, మా శిబిరంలో ముగ్గురు నలుగురు తమకూ తెప్పించమని అడిగారు. కలంకారీ, ఇకత్ వంటి బట్టలు నా దగ్గర ఉన్నా వాడలేదు. వాటిని చూడగానే మన దేశం గుర్తుకు వస్తుంది, నవార్ గుర్తుకు రాదు. నూలు బట్ట ఒక్కటే ఇక్కడి వాతావరణానికి చాలదన్నది కూడా చెప్పాలి. వసంతకాలపు సమావేశంలో రాత్రిళ్ళు ఎముకలు కొరికే చలి ఉంటుంది, పైన తప్పక ఉన్ని ఉండాలి. ఉన్ని తడిసినా వెచ్చదనం నిలుపుతుంది. ఛారిటీ దుకాణంలో కొన్న పాత ఉన్ని దుప్పటి నాకు అంగవస్త్రమయింది. లోపల ఎవరికీ కనబడకుండా ఒక థర్మల్ వేసుకుంటాను. బూట్ల మీద తోలు పట్టీలు చుడితే ట్రెక్కింగ్ బూట్లు కూడా ఆ కాలానివిగానే కనబడతాయి.

ఆయుధాల విషయంలో ఆటకు ముందు జరిగే తనిఖీని నేను గౌరవంతో చూస్తాను. లార్ప్ కత్తికి లోపల ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ ఫైబర్ కడ్డీ, దాని మీద పొరలు పొరలుగా ఫోమ్, పైన లేటెక్స్ పూత ఉంటాయి. లేటెక్స్ ఎండి పగలకుండా అప్పుడప్పుడు సిలికాన్ స్ప్రే కొడతారు. తనిఖీ చేసేవారు కత్తి మొనను వేళ్ళతో నొక్కి లోపలి కడ్డీ తగులుతుందేమో చూస్తారు, కత్తిని వంచి అది తిరిగి నిటారుగా వస్తుందో లేదో చూస్తారు, అంచుల వెంట వేలు పోనిచ్చి చీలికలు వెదుకుతారు. పోటుకు వీలుగా ప్రత్యేకంగా తయారు చేసిన ఆయుధంతో తప్ప పొడవకూడదు. తలను లక్ష్యంగా చేసుకోకూడదు. దెబ్బ తగలడానికి ముందే చేతి వేగం తగ్గించాలి. ఇది మణికట్టుకు అలవాటు కావడానికి చాలా సాధన కావాలి. నేను కొన్నది యాభై పౌండ్ల లోపు దొరికిన ఒక పొట్టి కత్తి మాత్రమే. వైద్యురాలి రెండు చేతులూ ఎప్పుడూ వేరే పనిలో ఉంటాయి.

మొదటి సాయంత్రం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో చేరాలనుకునేవాళ్ళు భయపడేది దాని గురించే. ఆధునిక గుడారాలు ఒక వైపు, ఆట లోపలి కాన్వాస్ గుడారాలు మరొక వైపు ఉంటాయి. ఆట మొదలయిందని ప్రకటించగానే, అంతవరకు పార్కింగ్ గురించి, వాన గురించి మాట్లాడుకుంటున్న మనుషులే వేరే మనుషులయిపోయారు. లాంతర్లు వెలిగాయి. ముఖానికి పాము పొలుసుల వంటి అతుకులు పెట్టుకున్న ఒక స్త్రీ నా పక్క నుంచి నడిచి వెళ్ళింది. ఆ లోకంలో నాగ అనే వంశం కూడా ఉంది, మన కథల్లోని నాగులు ఇంత దూరం వచ్చి వేరే రూపంలో ఎదురుపడటం నాకు సంతోషం కలిగించింది. అయితే నా నోరు మాత్రం పెగలలేదు. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడతాను. అక్కడ మాట్లాడేది పని గురించి, వాక్యాలు ముందే తెలిసినవి. ఇక్కడ ఒక అపరిచితుడు వచ్చి "ఈ ఏడు ఏ దారిన నడిచావు, సోదరీ?" అని అడిగితే ఏమి చెప్పాలి?

నన్ను గట్టెక్కించింది మా శిబిరంలోని ఒక పెద్దావిడ. ఆమె పాత్ర మా సంచార బృందానికి నాయకురాలు. ఆమె నా చేయి పట్టుకొని మరో నలుగురి దగ్గరకు తీసుకువెళ్ళి, "ఈమె మా కొత్త వైద్యురాలు, నా మోకాలి నొప్పికి ఇంకా మందు చెప్పలేదు" అంది. అంతే, నలుగురూ తమ తమ పాత గాయాల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఒకడికి మూడేళ్ళ కిందట బాణం తగిలిన భుజం, మరొకామెకు చలికాలంలో నిద్రపట్టని బాధ. నేను చేయవలసిందల్లా ప్రశ్నలు అడగడమే. ఎప్పటి నుంచి, ఎటువైపు, ఏమి తింటే ఎక్కువవుతుంది అని మా ఊళ్ళో ఆచారిగారు నాడి పట్టుకొని అడిగిన తీరులోనే అడుగుతూ పోయాను. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క కథ బయటికి వచ్చింది. భాష మీద పట్టు, ఉచ్చారణ, చమత్కారం, వీటిలో ఏదీ అక్కడ కొరత అనిపించలేదు. మాట్లాడటానికి బిడియపడే ఎవరికైనా నేను వైద్యుడి పాత్రనో, వార్తలు మోసేవాడి పాత్రనో, పద్దులు రాసేవాడి పాత్రనో సూచిస్తాను. ఈ పాత్రలకు నలుగురి దగ్గరకు వెళ్ళడానికి ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది, అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది.

యుద్ధం మరునాడు జరిగింది. సెంటినల్ గేట్ అనే ద్వారం గుండా సైన్యాలు వరుసగా మైదానంలోకి వెళతాయి. విషప్రయోగానికి పేరుపడ్డ డ్రూజ్ అనే ఓర్క్‌లతో పోరు కావడం వల్ల వైద్యులందరినీ ముందుగానే పిలిచి, ఎవరి దగ్గర ఏ మూలిక ఎంత ఉందో లెక్క తీసుకున్నారు. డాళ్ళ వరుసకు కొన్ని గజాల వెనుక నా స్థానం. ముందు ఏమి జరుగుతోందో కనబడదు. డాళ్ళు తగిలే చప్పుడు, ఆజ్ఞల కేకలు, తొక్కిడికి నలిగిన గడ్డి వాసన మాత్రమే తెలుస్తాయి. నేలకొరిగిన మనిషికి, ప్రత్యేక నైపుణ్యం లేకపోతే, మూడు నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆ లెక్క అతను తన మనసులోనే పెట్టుకోవాలి. అబద్ధం చెబితే పట్టుకునేవాళ్ళు లేరు, అయినా ఎవరూ చెప్పరు. ఆ వ్యవధి లోపల వైద్యం అందకపోతే ఆ పాత్ర శాశ్వతంగా చనిపోయినట్లే. ఏళ్ళ తరబడి ఆడిన పాత్ర అయినా సరే, తిరిగి రాదు.

మొదట నా ముందుకు ఈడ్చుకు వచ్చింది ఒక భారీ మనిషిని. అతని తోలు కవచం పట్టీలు వానకు బిగుసుకుపోయాయి, నా వేళ్ళు చలికి కొంకర్లు పోయాయి, ముడి ఊడిరాలేదు. ఊడదీస్తూనే "నీ పేరు చెప్పు, నాతో మాట్లాడుతూ ఉండు" అన్నాను. అతను తన పేరు చెప్పాడు. తరువాత నెమ్మదిగా, తన చెల్లెలు ఎడమ వైపు వరుసలో ఉందని, ఆమెను ముందు చూడమని చెప్పాడు. నేను నారబట్టతో కట్టు కట్టి, మూలిక పెట్టి, అతను లేచే లోపల ఎడమ వైపుకు మనిషిని పంపించాను. అతను లేచి డాలు అందుకొని మళ్ళీ ముందుకు వెళ్ళాడు. కొద్దిసేపటికి ఒకేసారి ముగ్గురు వచ్చారు. నా సంచిలో అవసరమైన మూలిక ఒక్క మోతాదే మిగిలింది. ఎవరికి పెట్టాలి? గట్టిగా అరుస్తున్నవాడికి ఊపిరి ఉన్నట్లే కదా అని, మాట్లాడకుండా పడి ఉన్న అమ్మాయి వైపు తిరిగాను. మిగిలిన ఇద్దరి కోసం గొంతు చించుకొని మరో వైద్యుణ్ణి పిలిచాను. ఫోమ్ కత్తులని తెలుసు, సాయంత్రానికి అందరం కలిసి సూప్ తాగుతామని తెలుసు. అయినా ఆ నిర్ణయం తీసుకున్న క్షణంలో నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకు ఇంకా జ్ఞాపకం ఉంది. నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలితే ఆట అక్కడికక్కడ ఆగిపోతుంది, నిజమైన ప్రథమ చికిత్స సిబ్బంది వస్తారు. ఆ హామీ ఉంది కనుకనే ఈ కల్పిత ప్రమాదంలోకి మనసును పూర్తిగా పోనివ్వగలం.

ఇక్కడ ఒక చక్కని ఏర్పాటు ఉంది. శనివారం సగం జాతులు యుద్ధానికి వెళితే, మిగిలిన సగం జాతుల ఆటగాళ్ళు శత్రువులుగా వేషం కడతారు. ఆదివారం అది తారుమారవుతుంది. నిన్న నా చేత కట్టు కట్టించుకున్న మనిషి, ఇవాళ ఓర్క్ ముఖతొడుగు పెట్టుకొని వేరే జాతి చేతిలో ఓడిపోతాడు. నేను కూడా ముఖతొడుగు పెట్టుకొని ఎదురు వరుసలో నిలబడ్డాను. ఆ తొడుగులో చూపు ఆనదు, చెమట కళ్ళలోకి కారుతుంది, ఊపిరి ఆడటం కష్టం. కానీ మనల్ని చూసి ఒక కొత్త కుర్రవాడు భయంతో ఒక అడుగు వెనక్కు వేసి, మళ్ళీ తనను తాను కూడదీసుకొని ముందుకు వచ్చినప్పుడు, అతనికి ఆ గెలుపును నిండుగా ఇవ్వాలనిపిస్తుంది. అందుకే దెబ్బ తగిలినప్పుడు నీరసంగా కూర్చోకుండా, కేక పెట్టి, తూలి, అతని ఎదుటే నేలకు ఒరిగాను. తరువాత శిబిరంలో ఆ కుర్రవాడు ఆ ఓర్క్ గురించి చేతులు ఊపుతూ చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. అది నేనేనని చెప్పలేదు.

పోరాటం ఇష్టం లేనివాళ్ళకు కూడా ఈ ఆటలో చేయవలసింది చాలా ఉంది. సెనేట్ ఉంది. ఒక్కొక్క భూభాగం నుంచి ఆటగాళ్ళే సెనేటర్లను ఎన్నుకుంటారు. కోటలు ఎక్కడ కట్టాలి, ఖజానా సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలి అని అక్కడ ఓటు వేస్తారు. ఆ ఓటు ఫలితం తరువాతి సమావేశం నాటికి లోకంలో నిజమవుతుంది. పూజారులకు సినాడ్, మంత్రజ్ఞులకు కాంక్లేవ్, సేనాపతులకు మిలిటరీ కౌన్సిల్ ఉన్నాయి. వైద్యులకు మూలికలు సమంగా అందేలా ఒక ఉమ్మడి నిల్వ ఉండాలని నేను మా జాతి పెద్దల ముందు వాదించాను. తమ తోటలో పండింది తామే ఎందుకు ఇవ్వాలని ఒక వర్గం ఎదురు వాదించింది. అర్ధరాత్రి దాకా లాంతరు వెలుగులో వాదన సాగింది. ఆఫీసు సమావేశాల్లో నేను ఎప్పుడూ చివరి కుర్చీలో కూర్చునేదాన్ని. ఇక్కడ నిలబడి, నా చేతుల మీదుగా పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చదివాను. పూర్తి నిల్వ కాకపోయినా, యుద్ధానికి ముందు ప్రతి బృందమూ కొంత భాగం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ రాత్రి తరువాత ఆఫీసులో కూడా నా కుర్చీ కొంచెం ముందుకు జరిగింది.

నా వైద్యురాలు చాలా సమావేశాల తరువాత, డాళ్ళ వరుస తెగిన ఒక సాయంత్రం, గాయపడినవాళ్ళను వదిలి రాలేక ఉండిపోయి చనిపోయింది. తోటి వైద్యుడు నా దాకా వచ్చాడు గానీ అతని సంచి అప్పటికే ఖాళీ అయింది. మిగిలిన వ్యవధి అంతా నా చేయి పట్టుకొని కూర్చున్నాడు. నేను మనసులో లెక్కపెట్టుకుంటూ, ఎవరెవరికి ఏమి చెప్పాలో చెప్పాను. ఆ లెక్క పూర్తయ్యాక లేచి, చేయి పైకెత్తి, ఆటలో లేనని తెలిసేలా మైదానం దాటి వచ్చేశాను. దుఃఖం మాత్రం నాతోనే వచ్చింది. పాత్ర అనుభవించినది ఆటగాడి మనసులోకి ఇంకడాన్ని ఈ ఆట ఆడేవాళ్ళు బ్లీడ్ అంటారు. నార్వేలో 1997లో మొదలయి, నార్డిక్ దేశాల మధ్య ఏటా చోటు మారుతూ జరిగే క్నూటెపుంక్ట్ సమావేశాల చుట్టూ పెరిగిన లార్ప్ ఆలోచనాపరులు దీని గురించి విస్తారంగా చర్చించారు. ఆట ముగిశాక అందరూ కూర్చుని మాట్లాడుకోవడం, ఎదుటి పాత్ర మీద పెట్టుకున్న కోపాన్ని ఆ మనిషి మీదకు పోనివ్వకుండా ఒకరినొకరు అసలు పేర్లతో పలకరించుకోవడం వంటి అలవాట్లు అందుకే ఏర్పడ్డాయి. నాకు ఉపకరించినవి చాలా మామూలు పనులు. కడుపునిండా వేడి అన్నం, నిద్ర, నన్ను ఈ ఆటలోకి తెచ్చిన సహోద్యోగితో ఒక పొడవాటి నడక. రెండు వారాలకు బరువు దిగింది. అంత బాధ కలిగిందంటే అంతగా జీవించానన్నమాటే, దానికి నేను చింతించను.

ఇప్పుడు కొత్త పాత్రను సిద్ధం చేసుకుంటున్నాను. ఈసారి మార్చెస్ అనే జాతి, పొలాలూ గట్లూ ప్రాణంగా బతికే రైతుల జాతి. వాళ్ళ గృహసమూహాల్లో ఒకదానిలో పద్దులు చూసి, తగవులు తీర్చే మనిషి నా పాత్ర. మా నాన్న, చిన్నాన్నల మధ్య వేరుశనగ చేను గట్టు మీద నడిచిన తగాదాలను వింటూ పెరిగినదాన్ని కాబట్టి, ఏ రైతు ఎక్కడ ఒక జానెడు జరిగాడో కనిపెట్టే చూపు నాకు ఇప్పటికే ఉంది. ఆ గృహానికి చెందిన ఆటగాళ్ళకు ఉత్తరం రాస్తే, తమ పక్క గృహంతో ఒక వాగు నీళ్ళ విషయమై పాత వైరం ఉందని, దాన్ని తెంచడానికో పెంచడానికో నా లాంటి మనిషి కావాలని జవాబు రాశారు. వాగు ఎటు పారుతుందో, వానలు లేని ఏడు ముందు ఎవరి పొలానికి నీళ్ళు పెట్టేవారో అడుగుతూ నిన్న రాత్రి తిరిగి రాశాను. మందపాటి గోధుమరంగు ఉన్ని బట్ట ఆరు గజాలు తెచ్చి పెట్టుకున్నాను. వసంత సమావేశానికి ముందు అంగీ, టోపీ కుట్టడం పూర్తి చేయాలి.